కాలం దోపిడిగాడా, షరాబా? – ఇక్బాల్ రెండు కవితలలో కాలస్వరూపం

ఖిలా వరంగల్‌లో నివసించేవారికి శిథిలం వింత వస్తువు కాదు. అసర్ నమాజు ముగించుకొని ఇంటిదారి పట్టినవానికి కాకతీయుల కాలపు కీర్తితోరణాలు, వాటికి కొద్ది దూరంలోనే ఏటవాలు గోడల ఖుష్ మహల్ ప్రతి సాయంత్రమూ కనిపిస్తూనే వుంటాయి. దూరప్రాంతాల నుండి వచ్చే యాత్రికులు మాత్రం వాటి ముందు నిలబడి, ఎంతటి వైభవం ఎలా పోయిందని ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆ నిట్టూర్పు మానవసహజమైనదే. కాని ఆ నిట్టూర్పు తరువాత మనిషి ఏమి చేస్తాడన్నది అసలు ప్రశ్న. కాలము, మరణము, ఆత్మలోని తపన – ఈ మూడింటిని గురించి ఇరవయ్యవ శతాబ్దపు కవులు ఎందరో ఆలోచించారు. వారిలో అల్లామా ఇక్బాల్ మనకు చాలా దగ్గరివారు. దగ్గరివారే గాని, వారు చెప్పినదానిని మనం సగమే చదివామని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ మిగిలిన సగాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శిథిలాన్ని చూచే రెండు చూపులు

మన ఉర్దూ ఫార్సీ సాహిత్యాలలో గతించినదానిని చూచే చూపులు రెండున్నాయి. ఒకటి 'హస్రత్', రెండవది 'ఇబ్రత్'. హస్రత్ అంటే చేజారినదానికై కలిగే తీరని వేదన. ఇబ్రత్ అంటే చూచినదాని నుండి తనకై గ్రహించే హెచ్చరిక. మొదటిది వెనుకకు చూచి అక్కడే ఆగిపోతుంది. రెండవది వెనుకకు చూచి తనవైపు తిరుగుతుంది.

భూమిపై సంచరించి పూర్వజాతుల పర్యవసానం ఏమైనదో చూడవలసిందిగా దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల ఆదేశించినది. ఆ ఆదేశం రెండవ చూపును నేర్పడానికే. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతివారి నివాసాలున్న హిజ్ర్ ప్రాంతం ఎదురైనప్పుడు, విలపిస్తూ తప్ప అక్కడ ప్రవేశించవద్దనీ, వారికి కలిగిన ఆపద మీకూ కలుగగలదని భయపడవలసినదనీ దైవప్రవక్త (స) సహచరులకు బోధించినట్లు ప్రామాణిక హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇక్కడ ఒక విషయం గమనించవలసి వున్నది. ఆ కన్నీరు పోయిన భవనాల కోసం కాదు. ఆ భయం చనిపోయినవారి గురించి కాదు. రెండూ లోపలికి అడుగుపెడుతున్న మనిషి తనను గురించి పడవలసినవే.

ఈ రెండు చూపుల భేదాన్ని మనసులో వుంచుకొని ఇక్బాల్ వ్రాసిన రెండు కవితలను పరిశీలిద్దాము. ఒకటి మన తెలంగాణ గడ్డపై పుట్టినది. రెండవది స్పెయిన్ దేశంలో పుట్టినది. రెండింటి మధ్య సుమారు 23 సంవత్సరాల అంతరం వున్నది.

గోల్కొండ సమాధుల వద్ద

1910 మార్చి మాసంలో ఇక్బాల్ హైదరాబాదు నగరానికి వచ్చారు. అప్పటికి ఆయనకు 33వ ఏడు నడుస్తున్నది. యూరపు చదువులు ముగించుకొని తిరిగి వచ్చి రెండేండ్లయినా కాలేదు. మిత్రులు ఆయనను ఒక రాత్రివేళ కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల వద్దకు తీసుకొనిపోయారు. మబ్బు కమ్మిన ఆకాశము, మసకబారిన వెన్నెల, ఆ గుమ్మటాల నిశ్శబ్దము ఆయన మనసును పట్టివేసినవి. ఆ అనుభవం నుండి వెలువడినదే 'గోరిస్తానె షాహీ' అనే దీర్ఘకవిత. అదే సంవత్సరం 'మఖ్జన్' పత్రికలో ప్రకటితమై, తరువాత 1924లో 'బాంగె దరా' సంపుటిలో చేరినది.

ఈ కవితలో వర్ణన అతి సుందరంగా సాగుతుంది. రాజులకైనా చివరకు మిగిలేది ఇంత మట్టియేనన్న భావం, ప్రకృతి మాత్రం తన నిత్యనూతన శోభతో కొనసాగుతున్నదన్న భావం ఒకదానిని ఒకటి వెన్నంటి వస్తాయి. మిసర్, బాబిలోనియాలు ఆనవాలు లేకుండా పోయినవి. ఇరాను సూర్యుడు మృత్యువనే సంధ్యలో క్రుంగిపోయినాడు. గ్రీకు, రోమను జాతుల ఔన్నత్యాన్ని దినాలు కొల్లగొట్టుకొని పోయినవి. ముస్లిము కూడా అదే దారిన లోకం నుండి నిష్క్రమించినాడని కవి నిట్టూరుస్తాడు. చివరకు, జాతి జీవితంలో ప్రతాపం వెల్లడి కావలసిన ఘట్టం ముగిసినా సౌందర్యం వెల్లడి కావలసిన ఘట్టం ఇంకా మిగిలే వున్నదని ఒక ఓదార్పు పలుకుతాడు.

ఈ కవితలో కాలానికి ఇచ్చిన పాత్ర యేమిటి? అది దోపిడిగాని పాత్ర. కాలం వస్తుంది, వున్నదానిని కొల్లగొట్టుకొని పోతుంది. సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఏడ్వగలడు, అంతే. అతనిని ఎవరూ ప్రశ్నించరు. దోపిడి జరిగిన ఇంటివానిని నీ సొమ్ము న్యాయార్జితమేనా, మేలిమిదేనా అని అడగడం మర్యాద కాదు గదా! ఈ కవితలోని బలహీనత అక్కడే వున్నది. గోల్కొండ కోటను ఆలంగీరు విక్రమించిన రంగంగా ఒక్కమాటలో పేర్కొని కవి ముందుకు సాగిపోతాడు. 1687లో ఆ రాజ్యాన్ని అంతమొందించినది మరొక ముస్లిము చక్రవర్తియే. ఓడినవారి గోరీల వద్ద కన్నీరు విడిచిన ఇక్బాల్ అదే ప్రయాణంలో ఔరంగాబాదు ప్రాంతానికి పోయి, గెలిచిన ఆలంగీరు సమాధిని కూడ భక్తితో దర్శించుకొన్నారు. ఇద్దరినీ ఒకే గౌరవంతో చూచిన ఆ హృదయం పెద్దదే. కాని ఆ ఇద్దరి మధ్య ఏమి జరిగిందన్న ప్రశ్న కవితలోకి రాలేదు. హస్రత్ అనే చూపు ఆ ప్రశ్నను రానివ్వదు.

నడిమి సంవత్సరాలు

కవి అక్కడే ఆగిపోలేదు. 1914 నవంబరులో మాతృమూర్తి మరణించినప్పుడు ఆయన వ్రాసిన స్మృతిగీతంలో మృత్యువు మరొక రూపంలో కనిపిస్తుంది. మట్టిలో పడిన పూలవిత్తనం అక్కడ నిద్రపోవడం లేదనీ, మొలకెత్తే తపనతో మేల్కొనే వున్నదనీ ఆయన భావించారు. రాజుల సమాధుల ముందు దొరకని ధైర్యం ఒక సామాన్యురాలైన తల్లి సమాధి ముందు దొరకడం విచారించదగిన విషయం. 1915లో వెలువడిన 'అస్రారె ఖుదీ' కావ్యంలో కాలం ఖడ్గమన్న ఇమాం షాఫయీ (రహ్మ) పలుకును ఆధారం చేసుకొని ఒక అధ్యాయమే వ్రాశారు. కాలాన్ని దూషించరాదన్న ప్రసిద్ధ హదీసు కూడ అక్కడ ఆయనకు ఆధారమైనది. కాలాన్ని తిట్టడం మానినవాడు ఇక దానిని దొంగ అనలేడు. 1929 జనవరిలో మద్రాసులోను, ఆ తరువాత మైసూరులోను, మన హైదరాబాదులోను ఆయన చేసిన ఆంగ్లోపన్యాసాలలో కాలతత్త్వం ప్రధాన విషయాలలో ఒకటి. గడియారం కొలిచే కాలం వేరు, ఆత్మ లోపల అనుభవించే అఖండకాలం వేరు అని అక్కడ ఆయన బెర్గ్‌సన్, ఐన్‌స్టీన్ వంటి పాశ్చాత్యుల సిద్ధాంతాలను పరీక్షించి వివరించారు.

ఖుర్తుబా మస్జిదులో

1933 జనవరిలో ఇక్బాల్ స్పెయిన్ దేశంలోని ఖుర్తుబా నగరానికి వెళ్ళారు. 8వ శతాబ్దం చివర మొదటి అబ్దుర్రహ్మాను ప్రారంభించిన ఆ మహామస్జిదు 1236లో నగరం కాస్టిలు రాజు వశమైన నాటినుండి చర్చిగా వున్నది. నేటికీ అది కేథడ్రలే. అక్కడ ఆయన నమాజు చేశారు. 1935లో ప్రచురితమైన 'బాలె జిబ్రీల్' సంపుటిలోని 'మస్జిదె ఖుర్తుబా' ఆ దర్శనఫలం. ఒక్కొక్క దానిలో 8 షేర్లు గల 8 బందాల కవిత అది. ఉర్దూ ఆధునిక కవిత్వంలో దానికి సాటివచ్చేవి బహుకొద్ది.

సందర్భం గోల్కొండ వంటిదే. గతించిన రాజ్యం, నిలిచివున్న కట్టడం, ఒంటరిగా నిలబడిన కవి. కాని మొదటి బందంలోనే కాలం వేషం మారిపోయినది. రాత్రింబవళ్ళ వరుస ఇక్కడ సంఘటనలను తీర్చిదిద్దే శిల్పి. అంతకన్న ముఖ్యంగా, అది విశ్వానికి 'సైరఫీ'. సైరఫీ అంటే బంగారాన్ని, నాణేన్ని పరీక్షించి నాణ్యం తేల్చేవాడు. మన తెలుగులో 'షరాబు' అనే మాట దీనికి చుట్టమే. ఆ షరాబు నిన్నూ పరీక్షిస్తాడు, నన్నూ పరీక్షిస్తాడు. నాణ్యం తక్కువైతే నీకూ నాకూ దక్కేది మృత్యువే. ఆది అంతము, లోపలా వెలుపలా, పాతదీ కొత్తదీ అన్నింటికీ చివరి మజిలీ నాశనమేనన్న కఠోరవాక్యంతో మొదటి బందం ముగుస్తుంది. రెండవ బందం "అయినప్పటికీ" అన్న ధోరణిలో ప్రారంభమవుతుంది. దైవభక్తుడైన ఒక మనిషి సంపూర్ణం చేసిన పనిలో మాత్రం శాశ్వతత్వపు ఛాయ వుంటుంది. ఎందుకంటే ఆ పనికి ప్రాణం పోసినది 'ఇష్క్'.

1910లో కాలం దోపిడిగాడు. 1933లో కాలం షరాబు. ఈ ఒక్క మార్పును పట్టుకొంటే కవి ప్రయాణమంతా అర్థమవుతుంది. దోపిడిగాని ముందు మనిషి కేవలం బాధితుడు. షరాబు ముందు మనిషి జవాబుదారి. దోపిడిగాడు పోయిన తరువాత ఇంట్లో ఏమి పోయిందో లెక్కిస్తాము. షరాబు ఎదుట మన చేతిలో ఏమున్నదో చూచుకొంటాము.

ఇక్బాల్ ఈ ఊహను గాలిలోనుండి తీసుకోలేదు. మదరసాలో చిన్నపిల్లలు సైతం కంఠస్థం చేసే 'అస్ర్' సూరా కాలంపై ప్రమాణంతోనే మొదలవుతుంది. మానవుడు నష్టంలో వున్నాడని, విశ్వసించి సత్కార్యాలు చేస్తూ సత్యాన్ని, సహనాన్ని పరస్పరం బోధించుకొనేవారికి మాత్రం ఆ నష్టం లేదని అది ప్రకటిస్తుంది. అక్కడ వాడిన 'ఖుస్ర్' అనే పదం వ్యాపారంలో వచ్చే నష్టాన్ని తెలిపే పదం. ఒక పెద్దాయన ఈ సూరా భావాన్ని బజారులో మంచుగడ్డలు అమ్మేవాని వద్ద నేర్చుకొన్నాడని ఇమాం రాజీ (రహ్మ) తమ తఫ్సీరులో పేర్కొన్నారు. మూలధనమే కరిగిపోతున్నవానిపై దయచూపండి అని ఆ వ్యాపారి కేకలు వేస్తున్నాడట. వరంగల్ ఎండాకాలం తెలిసినవారికి ఈ ఉపమానం వివరించనక్కరలేదు. మంచును ఎవరూ దోచుకోవడం లేదు. అది తన స్వభావం చేత కరుగుతున్నది. కరిగేలోగా దానిని దేనికి మార్చుకొన్నామన్నదే ప్రశ్న.

అనువాదంలో ఎదురయ్యే చిక్కు

ఈ కవితను తెలుగు చేయబూనినవానికి మొదటి పదంతోనే చిక్కు ఏర్పడుతుంది. అరబీ ఉర్దూలలో వక్త్, జమానా, దహ్ర్, అస్ర్ అని కాలానికి వేర్వేరు ఛాయలు గల పదాలున్నాయి. తెలుగులో 'కాలం' ఒక్కటే ముందుకు వస్తుంది. ఆ మాటలో మృత్యువు దాగి వున్నది. పెద్దలు మరణిస్తే 'కాలం చేశారు' అంటాము. యముని 'కాలుడు' అంటాము. కనుక కాలం అనగానే తెలుగు చెవికి యమపాశం వినిపిస్తుంది. ఈ విధంగా 'మస్జిదె ఖుర్తుబా' అనువాదం తెలియకుండానే 'గోరిస్తానె షాహీ' వైపు జారిపోతుంది. షరాబు మాయమై మళ్ళీ దోపిడిగాడే ప్రత్యక్షమవుతాడు. నేను ఈ కవితను తెలుగు చేసే ప్రయత్నంలో మొదటి బందాన్ని పలుమార్లు తిరగరాయవలసి వచ్చినది ఈ కారణంగానే. ఆ షరాబు ఉపమానాన్ని, గీటురాయిని స్పష్టంగా నిలబెట్టకపోతే తక్కిన 7 బందాలూ వట్టి విలాపమవుతాయి.

'ఇష్క్' సంగతి ఇంకా కష్టం. 'ప్రేమ' అంటే సినిమా గుర్తుకు వస్తుంది. 'భక్తి' అంటే మరొక సంప్రదాయపు ఆరాధన గుర్తుకు వస్తుంది. 'ఫనా'కు 'లయం' అంటే వేదాంతం వచ్చి చేరుతుంది. 'ఖుదీ'ని 'అహం' అంటే కవి చెప్పినదానికి పూర్తిగా విరుద్ధం. ఇష్క్ విషయంలో చివరకు నాకు దొరికిన దగ్గరి మాట 'తపన'. అందులో వేడిమి వున్నది, నిద్రపట్టనితనం వున్నది, పనిలోకి దిగే తొందర వున్నది. ఇక్బాల్ దృష్టిలో ఆధ్యాత్మికమైన ఆకాంక్ష అంటే పోయినదాని కోసం కలవరించడం కాదు. హృదయరక్తం ధారపోయని ఏ చిత్రమూ ఏ గానమూ పరిపూర్తి కాదన్న భావంతోనే ఆయన ఆ కవితను ముగించారు.

తెలుగు పాఠకునికి ఫార్సీ ఉర్దూ కవుల కాలచింతన ఏ దారిన వచ్చిందో కూడ ఇక్కడ స్మరించాలి. దువ్వూరి రామిరెడ్డిగారు ఫార్సీ నేర్చి 'పానశాల' ద్వారా ఉమర్ ఖయ్యామును తెలుగువారికి పరిచయం చేశారు. ఓరుగల్లు సీమలో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులుగారు 'గాలిబ్ గీతాలు' అందించారు. ఇవి రెండూ మహోపకారాలే. అయితే వీటి ప్రభావంతో, ముస్లిము కవి కాలాన్ని గురించి మాట్లాడితే జీవితం క్షణికమనీ, ఒక పాత్ర మధువో ఒక నిట్టూర్పో చాలుననీ అంటాడన్న అభిప్రాయం తెలుగునాట స్థిరపడినది. కాలం ఎదుట లెక్క అప్పజెప్పమనే ఇక్బాల్ గొంతు ఆ రెండింటి వెనుక వినబడకుండా పోయినది.

ఇలియట్‌తో ఒక పోలిక

ఇదే కాలంలో ఆంగ్లకవి టి. యస్. ఇలియట్ కూడ ఇటువంటి అన్వేషణలోనే వున్నాడు. 1922 నాటి 'వేస్ట్ లాండ్'లో ఆయనకు కనిపించినది ముక్కలైపోయిన నాగరికత. 1936 నుండి 1942 వరకు విడివిడిగా వెలువరించి, 1943లో ఒక్క గ్రంథంగా ప్రకటించిన 'ఫోర్ క్వార్టెట్స్'లోని నాలుగు కవితలకూ నాలుగు స్థలాల పేర్లే పెట్టాడు. ఒక పాత ఇంటి తోట, పూర్వికుల గ్రామం, సముద్రంలోని బండలు, ఒక చిన్న ప్రార్థనామందిరం. స్థలంలో నిలబడి కాలాన్ని ప్రశ్నించే పద్ధతి ఇద్దరిదీ ఒక్కటే. ప్రార్థనాస్థలమే ఇద్దరికీ సమాధానం చూపినది. భేదమేమంటే, ఇలియట్ కాలప్రవాహానికి వెలుపల వుండే ఒక నిశ్చలక్షణాన్ని వినయంతో, మౌనప్రార్థనతో అందుకోజూస్తాడు. ఇక్బాల్ ప్రవాహంలోనే నిలబడి, చేతితో ఒక పని చేసి, ఆ పనిని షరాబు ముందుంచమంటాడు. మన ధర్మంలో ఈ రెండింటికీ స్థానమున్నది. నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి జీవనోపాధి వెదకమన్న దివ్యాదేశం తెలిసినవారికి ఇక్బాల్ మార్గం కొత్తగా తోచదు.

ఖిలా వరంగల్‌లో ఈ కవితను చదివితే

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సభలలో 'మస్జిదె ఖుర్తుబా' చదివినప్పుడు శ్రోతల కండ్లు చెమ్మగిల్లుతాయి. దేనికోసం అని అడిగితే, మన పాలన పోయింది, మన వైభవం పోయింది అంటారు. షరాబు కవితను దోపిడిగాని కవితగా వింటున్నామన్నమాట. లాహోరులోనో ఢిల్లీలోనో ఆ విధంగా వినడం సులభం కావచ్చు. ఖిలా వరంగల్‌లో అది సాధ్యం కాదు, సాధ్యం కారాదు.

ఎందుకంటే ఇక్కడి శిథిలం మనం పోగొట్టుకొన్న కట్టడం కాదు. 1323లో ఉలూగ్‌ఖాను నాయకత్వాన వచ్చిన ఢిల్లీ సేనలు ఓరుగల్లును జయించినవి. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి పోతూ దారిలోనే మరణించాడు. కోట నడుమనున్న స్వయంభూ శివాలయం కూల్చబడినది. దాని నాలుగు వైపుల తోరణాలు మాత్రమే మిగిలినవి. నగరానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టారు. ఖుష్ మహల్‌ను షితాబ్‌ఖాను పేరుతో చెప్పుకోవడం వాడుకలో వున్నా, దాని నిర్మాణరీతి తుగ్లకు కాలానిదని చరిత్రకారులు గుర్తించారు. అనగా విలాపానికి కారణమైనవారి సభామండపమూ, విలాపానికి విషయమైన తోరణాలూ ఒకే మైదానంలో నిలబడి వున్నవి. ఇక్కడ పోయిన వైభవం కోసం ఏడ్చే హక్కు ముందుగా మన పొరుగువానిది.

ఈ మైదానంలో నిలబడి కాలమనే షరాబు లెక్కను చూడండి. సుల్తాన్‌పూర్ అనే పేరు నిలువలేదు. కొద్ది సంవత్సరాలలోనే ఓరుగల్లు ముసునూరి కాపయనాయకుని వశమైనది. జయించినవారి అధికారమూ పోయినది, ఓడినవారి అధికారమూ పోయినది. నిలిచినది పనితనం. ఆ తోరణాలను చెక్కిన శిల్పుల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో వారి పనినే వుంచుకొన్నది. ఖుష్ మహల్ కమానులను నిలబెట్టిన మేస్త్రీలూ అనామకులే. ఆ కమానులూ నిలిచినవి.

కూల్చివేతను ఏ గీటురాయిపై గీయాలి? గీటురాయి మన ఇంట్లోనే వున్నది. సైన్యాన్ని సాగనంపుతూ మఠాలలో ఏకాంతంగా వున్న సన్యాసుల జోలికి పోవద్దనీ, ఫలవృక్షాలను నరకవద్దనీ హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చిన ఆదేశం హదీసు గ్రంథాలలో భద్రంగా వున్నది. ఆ గీటురాయిపై ఢిల్లీ సుల్తానుల కీర్తిని గీచి చూస్తే ఎంత మేలిమి తేలుతుందో పాఠకులే నిర్ణయించుకోగలరు. వారు మన పేర్లు ధరించినవారు కాబట్టి వారి విజయాలను మనవిగా చెప్పుకొని, వారి చేతలకు మాత్రం మనకు సంబంధం లేదనడం నిజాయితీ కాదు. విజయాలనైనా విడిచిపెట్టాలి, లేదా లెక్కంతా ఒప్పుకోవాలి.

ఈ దృష్టితో చూచినప్పుడు ఇక్బాల్ కవితలో ఒక లోపం కూడ కనిపిస్తుంది. దానిని దాచడం విమర్శకుని ధర్మం కాదు. స్పెయిన్‌ను ఏలిన అరబ్బు వీరులను కవి ఎంతో ప్రశంసించాడు. వారి చూపు తూర్పుపడమరలకు శిక్షణ ఇచ్చిందన్నాడు. కాని ఆ మస్జిదు లేచిన చోట అంతకుముందు ఒక చర్చి వుండేదని సంప్రదాయ కథనం చెబుతున్నది. ఆ సంగతి కవి దృష్టికి రాలేదు. నీ నాణ్యమూ నా నాణ్యమూ పరీక్షకు వస్తాయని మొదటి బందంలో అన్న మాటను ఆయన తన వీరుల విషయంలో చివరిదాకా అమలు చేయలేదు. ఆ పరీక్షను పూర్తిచేయవలసిన బాధ్యత పాఠకునికి మిగిలినది. ఖుర్తుబాలో నిలబడినవాని కంటె ఖిలా వరంగల్‌లో నిలబడిన ముస్లిము పాఠకుడు ఆ పనిని బాగా చేయగలడు. ఖుర్తుబాలో అతడు పోగొట్టుకొన్నవాడు మాత్రమే. ఇక్కడ అతడు రెండు పక్షాలనూ ఒకే చూపులో చూడగలడు. హిజ్ర్ ప్రాంతంలో నేర్పబడిన భయం ఇదే. శిథిలం గెలిచినవాని న్యాయానికి సాక్ష్యం కాదు. అది లోపలికి వచ్చినవానికి, వాడు ఎవరైనా సరే, హెచ్చరిక.

తెలుగు ఆధునిక కవుల వద్ద

ఇక్బాల్ ధార్మిక పరిభాష వాడని ఆధునిక తెలుగు కవి ఈ షరాబు ముందుకు ఏమి తెచ్చాడన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఇద్దరిని ప్రస్తావిస్తాను.

ఆలూరి బైరాగి (1925–1978) 'నూతిలో గొంతుకలు' 1955లో వెలువడినది. హామ్లెట్, అర్జునుడు, రాస్కల్నికోవ్ అనే ముగ్గురి గొంతులతో ఆయన చర్యకూ సందేహానికీ మధ్య నలిగే ఆధునిక మానవుని వినిపించాడు. అక్కడ తపన వున్నది, సమాధానం లేదు. విశ్వాసి అయిన పాఠకుడు ఆ గ్రంథాన్ని తోసిపుచ్చరాదు. నష్టంలో వున్నానని గుర్తించినవాడు అస్ర్ సూరాలోని సగం సత్యాన్ని గుర్తించినట్లే. లోకంలో చాలామంది అంతవరకైనా రారు.

రెండవవారు ఇస్మాయిల్ (1928–2003). కాకినాడ కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించిన ఈ కవి 'చెట్టు నా ఆదర్శం' 1972లో, 'మృత్యువృక్షం' 1976లో ప్రచురించారు. రాజ్యాలు, జాతులు, జయాపజయాలు ఆయన కవిత్వంలోకి రావు. చెట్టు, పక్షి, వాన, నిశ్శబ్దం వస్తాయి. కవిత్వానికి సిద్ధాంతం కంటె కరుణ ముఖ్యమన్నది ఆయన పక్షం. పేరు ఇస్మాయిల్ గాని కవిత్వంలో ఇస్లాం యేదీ అని మనవారు కొందరు అడగడం కద్దు. ఆ ప్రశ్న మళ్ళీ హస్రత్ నుండే వస్తున్నది. మన చిహ్నాలు కనిపిస్తేనే మనది అనుకొనే చూపు అది. చెట్టునూ మృత్యువునూ ఒకే సమాసంలో పెట్టగలిగిన కవి కాలాన్ని ఎంత దగ్గరగా చూచివుండాలి! చరిత్ర భారం లేని ఆ చూపులో కొరత కూడ వున్నది. షరాబు మనిషిని ఒంటరిగానే గాక సమాజంగా కూడ పరీక్షిస్తాడు. ఆ రెండవ పరీక్ష ఇస్మాయిల్ కవిత్వంలో కనిపించదు. ఇక్బాల్‌లో సమాజం వున్నది, పొరుగువాడు కనిపించడు. ఇస్మాయిల్‌లో ప్రతి ప్రాణిపైనా కరుణ వున్నది, సమాజపు లెక్క కనిపించదు. ఇద్దరినీ పక్కపక్కన చదువుకొనే అదృష్టం ఉర్దూ తెలిసిన తెలుగు ముస్లిముకు వున్నది. ఆ అదృష్టాన్ని వినియోగించుకోవడం లేదన్నదే నా బాధ.

చివరి మాట

ప్రళయఘడియ వచ్చిపడుతున్నా చేతిలో మొక్క వుంటే, వీలైతే దానిని నాటమని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు వున్నది. కాలము, మరణము, ఆత్మలోని తపన అనే మూడింటికీ ఇంతకన్న సంక్షిప్తమైన సమాధానం ఈ వ్యాసకర్త చూడలేదు. ఆ మొక్క చెట్టు కావడానికి వ్యవధి లేదు, దాని నీడలో కూర్చొనేవారు లేరు. అయినా నాటమన్నారు. ఫలితం కాలం చేతిలో లేదు, కాలానికి ప్రభువైనవాని చేతిలో వున్నది. తల్లి సమాధిలోని విత్తనాన్ని చూచిన ఇక్బాల్‌కూ, చెట్టును ఆదర్శమన్న ఇస్మాయిల్‌కూ మధ్య దూరం మనం అనుకొన్నంత ఎక్కువ కాదు.

'మస్జిదె ఖుర్తుబా'ను ఇకమీదట మన పిల్లలకు చదివి వినిపించేటప్పుడు, మనకు ఏమి పోయిందని కాక, మన చేతిలో ఏమున్నదని వారిని అడుగుదాము. కీర్తితోరణాల పక్కగా నడిచిపోయేటప్పుడు అదే ప్రశ్న మనలను మనం వేసుకొందాము. మంచు కరుగుతూనే వున్నది. నష్టపోనివారిలో మనలను చేర్చవలసిందిగా ఆ కరుణామయుని వేడుకొంటూ ముగిస్తున్నాను. వల్లాహు ఆలమ్.